పెద్దమనిషి ఒళ్లు దులిపితేనే

ఐలేశం తన బతుకులో ఏ నిర్ణయమూ సొంతంగా తీసుకోలేదు. అన్నీ పొట్టేలే తీసుకుంది.

దేవరకొండ చుట్టుపక్కల మొక్కు తీర్చేటప్పుడు పొట్టేలు మీద పసుపు నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు దులిపితే అమ్మవారు ఒప్పుకున్నట్టు. ఆ పైన కత్తి. ఐలేశం ఆ ఆచారంలోంచి కత్తిని తీసేసి, నీళ్లు మాత్రం ఉంచుకున్నాడు. మందలోని ముసలి పొట్టేలుకు పెద్దమనిషి అని పేరు పెట్టి, చెప్పులు కొనాలన్నా, గడ్డం గీయించుకోవాలన్నా దాని వీపున చెంబెడు నీళ్లు పోసేవాడు. ఒక ఎండాకాలమంతా పెద్దమనిషి దులపలేదు. ఐలేశం గడ్డం ఛాతీ దాకా దిగింది.

మెల్లగా ఊరూ రావడం మొదలుపెట్టింది. కూతురి సంబంధం, బోరు జాగా, కంటి ఆపరేషను. దులిపితే ముందుకు, లేకుంటే ఇంటికి. పొట్టేలు ఒప్పుకున్న చోట బోరు వేసి దుమ్ము తప్ప ఏమీ చూడని నాగరాజు, నేరుగా దొడ్డికి వచ్చి పెద్దమనిషిని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఐలేశం దాని తల కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"ఈ చెవు జర మందం. ఆ దిక్కుకొచ్చి తిట్టు," అన్నాడు.

తిట్టి తిట్టి చివరికి నాగరాజే నవ్వి, చాయ్ తాగి పోయాడు.

ఐలేశం మేనల్లుడు రాజేశ్‌కు ఇదంతా చూస్తే ఒళ్లు మండేది. చౌటుప్పల్ మందుల ఫ్యాక్టరీలో పని, షిఫ్టు బస్సులో చదువు. దొరికిన పుస్తకమల్లా చదివి, లోకం మీద కోపం పోగేసుకున్నవాడు. ఇప్పుడు హైదరాబాదులో లా సీటు వచ్చింది. చేరాలంటే రేపే ఉద్యోగం మానాలి. ఈ వయసులో కుర్రాళ్ల పక్కన కూర్చుని, తీరా తప్పితే? మానేస్తానని చెప్పడానికి సూపర్‌వైజరు గది దాకా వెళ్లి, అక్కడి కుండలో నీళ్లు తాగి తిరిగొచ్చాడు. తల్లి గుర్వమ్మకు ఇంకా భయం. కొడుకు రెక్క పట్టుకుని తమ్ముడి దొడ్డికి లాక్కొచ్చింది.

ఐలేశం చెంబెడు పోశాడు. పెద్దమనిషి నెమరేస్తూ నిలబడింది. ఇంకో చెంబు. కదల్లేదు. ఎగతాళి చేద్దామని వచ్చిన రాజేశ్‌కు నవ్వు రాలేదు.

"ఇంకోసారి పొయ్యి మామా."

"అది ఒద్దంటాంది అల్లుడా. పోకు."

"గొర్రెకేం తెలుసు?"

"ఏం తెల్వదు. మరి నీకు?"

"నేను పోత," అన్నాడు రాజేశ్. అన్నాక తన మాట తనకే కొత్తగా వినిపించింది. చిన్న గొంతుతో అడిగాడు: "ఫేలయితే? ఊరోళ్లు పెద్దమనిషిని తిట్టుకుంటరు. నేనెవల్ని తిట్టాలె? అది ముందే ఒద్దనె."

"నన్నొచ్చి తిట్టు. నాకు రెండు చెవులు మంచిగనే ఇనొస్తయి."

రాజేశ్ బస్సుకు బయల్దేరాడు. దొడ్డి తడిక దగ్గర వెనక్కి చూస్తే, తల్లి కొంగులో ముఖం దాచుకుని కూర్చుంది. ఆమె చూడకుండా ఐలేశం దోసెడు నీళ్లు పొట్టేలు చెవిలో పోశాడు. పెద్దమనిషి ఇద్దర్నీ తడిపేసేలా దులిపింది.

"సూడక్కా, ఒప్పుకున్నడు. ముసలోడు గదా, జర ఆలిశమయింది."

గుర్వమ్మ తడి ముఖంతోనే దండం పెట్టింది. రాజేశ్ తడిక మెల్లగా మూసి బస్సు దారి పట్టాడు.

బస్సు దేవరకొండ దాటాక గానీ అతనికి నవ్వు రాలేదు. ఆ ఎండాకాలం మామకు గడ్డం గీయించుకోవడం ఇష్టం లేదన్నమాట.