ఎందుకంటే బాబాయ్

“రెండో భాగంలో కళ్లముందే బూడిదైపోయిన సేనాపతి, మూడో భాగంలో జుట్టు దువ్వుకుంటూ ఎలా ప్రత్యక్షమయ్యాడండీ?”

“ఎందుకంటే వాడు బూడిద కాలేదు.”

“నేను రెండు కళ్లతో చూశాను!”

“నువ్వు చూసింది పొగ. పొగమంచులో ఎదురింటాయన కనపడకపోతే పోయాడని ఏడుస్తావా?”

“మరి కింద రాలిన బూడిద?”

“అది కోటు. మంచి కోటు. అది కాలిపోయిందన్న కోపంతోనే కదా, మూడో భాగమంతా కనపడినవాణ్ణల్లా తన్నాడు!”

ఇంతలో ఇంకో గొంతు, దాదాపు ఏడుపు గొంతు: “అయ్యా, మా వంటింట్లో పైపు పగిలి గంటయింది. మా ఆవిడ బల్లెక్కి నిలబడింది. ఆ సేనాపతి సంగతి తేలాక వస్తారా, ఇప్పుడే వస్తారా?”

“వస్తున్నానయ్యా. ముందు ఈ లీకు కట్టనీ.”

నేను పనిచేసే జిరాక్స్ షాపుకీ, ఆ పైపుల కొట్టుకీ మధ్య ఉన్నది గోడ కాదు, ఒక ప్లైవుడ్ చెక్క. కాబట్టి ఇలాంటి గొడవలు రోజుకి మూడైనా నా చెవిన పడేవి. ఎవరేమనుకున్నా సరే, ఆ కొట్టు యజమాని గురించి ఉన్నదున్నట్టు రాస్తాను. వీధంతా ఆయన్ని బాబాయ్ అంటుంది. వెనకాల మాత్రం ‘ఎందుకంటే బాబాయ్’ అంటుంది. ఆయనకి తాగుడు లేదు, పేకాట లేదు, చాడీలు లేవు. ఉన్నది ఒక్కటే జబ్బు. ‘ఆఖరి కక్ష్య’ సినిమాల్లో తప్పుందంటే ఒప్పుకోడు. మీరు ప్రశ్న సగంలో ఉండగానే ‘ఎందుకంటే’ అనేస్తాడు. మిగతా సగం ఆయనకి అనవసరం.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ‘ఆఖరి కక్ష్య’ అంటే ఏడు భాగాల అంతరిక్షం సినిమా. నేల పాడైపోయి, నాలుగువేల మంది ఒకే నావలో కొత్త ఇల్లు వెతుక్కుంటూ పోతుంటారు. పందొమ్మిదేళ్లుగా పోతూనే ఉన్నారు. ఆ కథలో చిల్లులు లేని చోటు వెతకడమే కష్టం. వెతికేవాళ్లు మా వీధిలో పాతికమందికి తక్కువ లేరు. పూడ్చేవాడు బాబాయ్ ఒక్కడే.

కొట్టులో పైపు ముక్కలన్నీ యుద్ధంలో ఉండేవి. మూడు నోళ్ల రెండంగుళాల టీ ముక్క కెప్టెన్ నావ. వంపు తిరిగిన ముప్పావంగుళం ఎల్బోలు శత్రు నావలు. ఒకసారి ఎవరో వచ్చి ఆ టీ ముక్కే కావాలన్నాడు. “అది ముట్టడిలో ఉంది, రేపు రా” అన్నాడు బాబాయ్. అతను రేపు రాలేదు. ఇంకో కొట్టుకి పోయాడు. “ఎందుకంటే వాడికి ఓపిక లేదు” అన్నాడు బాబాయ్, ఏమాత్రం విచారం లేకుండా.

“శూన్యంలో చప్పుడు వినపడదు కదా, మరి పేలుడు ఎలా వినపడింది?” అని అడిగాను ఒకసారి.

“ఎందుకంటే అది పేలుడు చప్పుడు కాదురా. లోపల కూర్చున్నవాడి గుండె చప్పుడు.”

“అంత గట్టిగానా?”

“నీ నావ పక్కన పేలితే తెలుస్తుంది.”

ఇవన్నీ ఒక ఎత్తు, నీళ్ల సంగతి ఒక ఎత్తు. ఏడు సినిమాల్లో, నాలుగువేల మందిలో, ఒక్కడంటే ఒక్కడు స్నానాల గదికి వెళ్లలేదు. ఈ మాట ఎవరో నవ్వుతూ అన్నారు. బాబాయ్ నవ్వలేదు. ఆయన వృత్తికే దెబ్బ అది. ఒక పాత గోడ క్యాలెండరు వెనక్కి తిప్పి, ఆ నావ మొత్తానికి గొట్టాల పటం గీశాడు. ఎన్ని ట్యాంకులు, ఎన్ని వాల్వులు, మురుగు ఎటు పోతుంది, మళ్లీ మంచినీళ్లుగా ఎటు తిరిగొస్తుంది, అంతా పెన్సిలుతో. అది కొట్టులో గల్లాపెట్టె పైన వేలాడేది. మా వీధి మురుగు ఎటు పోతుందో ఏ ఆఫీసువాడికీ తెలీదు. ఆ నావ మురుగు ఎటు పోతుందో మాత్రం మా వీధిలో అందరికీ తెలుసు.

“ఇన్ని తప్పులున్న సినిమాని ఎందుకు బాబాయ్ నెత్తిన పెట్టుకుంటావు?” అంటే ఒకటే మాట: “ఇల్లు కారుతోందని కూల్చుకుంటామా? చిల్లు చూపించడానికి వేలు చాలు. పూడ్చడానికి పడుకోవాలి, దూరాలి, తడవాలి.”

ఆ జబ్బు సినిమాతో ఆగితే బాగుండేది. మనుషుల మీదా పడేది. మందుల షాపు అన్న ఒకసారి నెల రోజులు షాపు తెరవలేదు. నిజానికి పెళ్లాంతో గొడవపడి అక్కగారింట్లో కూర్చున్నాడు. ఎవరడిగినా బాబాయ్ మాత్రం “ఎందుకంటే బీరువాలకి రంగు వేయిస్తున్నాడు” అనేవాడు. అన్న తిరిగొచ్చాక చచ్చినట్టు రంగు వేయించుకోవాల్సొచ్చింది. నేను చివరి సంవత్సరంలో కాలేజీ మానేసినప్పుడూ అంతే. మా నాన్న పోస్టాఫీసులో గుమాస్తా. పరువు మనిషి. ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడు. బాబాయ్ వెళ్లి ఆయన చేతికో మాట ఇచ్చొచ్చాడు: “ఎందుకంటే వాడు ప్రాజెక్టు వర్కులో ఉన్నాడు. అందుకే జిరాక్స్ షాపులో కూర్చున్నాడు.” నాన్న ఆ మాట పట్టుకుని ఏడాదిపాటు వీధంతా తిరిగాడు.

నాకు ఒళ్లు మండేది. ప్రతిదానికీ జవాబున్న మనిషి పక్కన, ఒక్కదానికీ జవాబు లేనివాడు బతకడం కష్టం. నేను కాలేజీ ఎందుకు మానేశానో నాకే తెలీదు. ఒకరోజు బస్సులో కాలేజీ స్టాపు వచ్చింది, దిగలేదు. మర్నాడూ దిగలేదు. అంతే. దానికి కథ కట్టమంటే నాకు చేతకాదు.

చిల్లుల పార్టీకి నాయకుడు లెక్కల మాస్టారు. ట్యూషన్లు చెప్తాడు. ఆరేళ్లుగా బాబాయ్‌ని ఓడించాలని చూస్తున్నాడు. ఎనిమిదోదీ, చివరిదీ అయిన భాగం శుక్రవారం విడుదలనగా, బాబాయ్ మాస్టారి మొహం మీదే శపథం చేశాడు: “నేను పూడ్చలేని చిల్లు ఒక్కటి చూపించండి. ఎనిమిదో భాగానికి ఆ హాలు గడప తొక్కను.”

మామూలు శపథం కాదది. ఏడు భాగాలూ మొదటి రోజు, మొదటి ఆట, మూడో వరస చివరి సీటు. నాలుగేళ్లుగా ఎనిమిదోదాని కోసం కాచుకుని ఉన్నాడు. టికెట్టు అప్పటికే కొని, పైపు మరలకి చుట్టే టెఫ్లాన్ టేపు డబ్బాలో దాచాడు. వచ్చినవాళ్లందరికీ మూత తీసి చూపించేవాడు, కానీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఆదివారం మధ్యాహ్నం మాస్టారి ట్యూషన్ గదిలో విచారణ. నల్లబల్ల మీద ఒకవైపు ‘చిల్లులు’, రెండోవైపు ‘బిరడాలు’ అని రాశారు. నలభైమంది పెద్దవాళ్లు పిల్లల బెంచీల్లో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నారు. బాబాయ్ తోడుకని మా నాన్నని కూడా లాక్కొచ్చి వెనక బెంచీలో కూర్చోబెట్టాడు. నాలుగింటికల్లా లెక్క ఇలా ఉంది: అడిగినవి నలభై ఒకటి, పూడినవి నలభై ఒకటి. మాస్టారు చెమట తుడుచుకుంటున్నాడు.

అప్పుడు నేను లేచాను. నా దగ్గర ఒకటుంది. నెలరోజులుగా మిషను దగ్గర నిలబడి నూరుకున్నది.

“నాలుగో భాగంలో నావ తలుపు బయటి నుంచి తప్ప మూసుకోదు. అందుకే మెకానిక్ బయటే ఉండిపోయి, తలుపు మూసి, చచ్చిపోయాడు. హాలంతా ఏడ్చింది. నువ్వూ ఏడ్చావు బాబాయ్.”

“ఏడవలేదు. కంట్లో నలక పడింది. తర్వాత?”

“ఆరో భాగంలో కెప్టెన్ అదే తలుపుని లోపలి నుంచే మూశాడు. అదే నావ, అదే తలుపు, అదే ఎర్ర పిడి. లోపలి నుంచే మూసుకునేదైతే మెకానిక్ ఎందుకు చచ్చాడు?”

మాస్టారు చాక్‌పీసు మెల్లగా కింద పెట్టాడు. బాబాయ్ నన్నే చూస్తూ నోరు తెరిచాడు.

“ఎందుకంటే...”

ఆయన్ని పూర్తిచేయనివ్వలేదు. ఆయన పక్షం పెద్ద, మందుల షాపు అన్న, బెంచీ మీద గుద్ది లేచాడు. “నువ్వా అడిగేది? ముందు నువ్వు కాలేజీ ఎందుకు మానేశావో చెప్పు! ప్రాజెక్టు వర్కు, ప్రాజెక్టు వర్కని మీ నాన్న ఏడాది నుంచీ ఊదరగొడుతున్నాడు. మా మేనల్లుడు నీ క్లాసేరా! హాజరు పట్టీలోంచి నీ పేరు ఎప్పుడో కొట్టేశారట. చెప్పు, అందరూ వింటారు. ఎందుకు?”

నలభై తలలు నా వైపు తిరిగాయి. వెనక బెంచీలో మా నాన్న తన గోళ్లని, ఎవరో కొత్తగా పెట్టిపోయినట్టు చూసుకుంటున్నాడు. బస్సు దిగలేదని చెప్పాలా? చెప్తే అర్థమవుతుందా వీళ్లకి? పోనీ, నాకు అర్థమైందా?

“ఎందుకంటే!”

గది అదిరింది. తలలన్నీ అటు తిరిగాయి. బాబాయ్ నిలబడి ఉన్నాడు.

“ఎందుకంటే, వీడు అడిగిన దానికి నా దగ్గర జవాబు లేదు. ఆరో భాగంలో చిల్లుంది. నేను ఓడిపోయాను.”

ఆ తర్వాత జరిగింది చెప్పడం కష్టం. ఒకేసారి నలభైమంది అరిచారు. మందుల షాపు అన్న బాబాయ్ రెండు చేతులూ పట్టుకుని “అంత మాటనకు బాబాయ్, ఇంకోసారి ఆలోచించు” అని బతిమాలాడు. అన్నిటికంటే ఘోరం మాస్టారి పరిస్థితి. ఆరేళ్ల తపస్సు ఫలించి మనిషి గాభరా పడిపోయాడు.

“అలా తేలిగ్గా ఒప్పుకుంటే ఎలాగండీ? పోనీ, ఆ పిడి తర్వాత పెట్టించారేమో?”

“లేదు మాస్టారూ. చిల్లు చిల్లే.”

“అది కాదు, తలుపు వేరేదేమో? ఒక్కసారి కాదనండి, నేను మళ్లీ అడుగుతాను!”

“రాయండి. నలభై రెండు, నలభై ఒకటి.”

మాస్టారు రాశాడు. నా కాలేజీ సంగతి ఆ గదిలో ఒక్కడికీ గుర్తులేదు.

నేనూ నాన్నా ఇంటికి నడిచాం. ఏడాదిలో మేమిద్దరం కలిసి నడవడం అదే మొదలు. సగం దారిలో నాన్న అడిగాడు. “ఆ తలుపు సంగతి నిజమేనా?”

“నిజమే.”

“నువ్వే పట్టుకున్నావా?”

“నేనే.”

ఇంకో పది అడుగులు వేశాక అన్నాడు: “ప్రాజెక్టు వర్కు బాగానే చేశావు.”

సోమవారం పొద్దున బాబాయ్‌తో గొడవపడదామనే వెళ్లాను. నాకెవరి జాలీ అక్కర్లేదు. కొట్టు తెరిచే ఉంది, మనిషి లేడు. వెనక ఇంటివాళ్ల వంటింట్లో సింకు కింద దూరి ఉన్నాడు. కాళ్లు మాత్రమే కనపడుతున్నాయి.

“ఎవర్రా, నువ్వేనా? వచ్చినవాడివి వచ్చావు, కొట్టులోంచి అరంగుళం వాషరు తెచ్చిపెట్టు. గల్లాపెట్టె పక్కన.”

తిట్టుకుంటూ వెళ్లాను. వాషర్ల డబ్బా సరిగ్గా ఆ నావ పటం కింద ఉంది. తలెత్తితే నావ తలుపు నా కళ్లకెదురుగా ఉంది. తలుపు బొమ్మ పక్కన చిన్న అక్షరాలు. పెన్సిలు గీత పాతబడి వెలిసిపోయింది. ముక్కు ఆనించి చదివాను.

‘లోపలి పిడి: వాషరు అరిగింది, తిరగదు. మెకానిక్‌కి తెలుసు. నావ రేవులో ఆగాక మారుద్దామనుకున్నాడు. ఈలోపే పోయాడు. అయిదో భాగంలో రేవులో ఎవరో మార్చారు.’

వాషరు పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను.

“బాబాయ్! జవాబు నీ దగ్గరుంది! గోడ మీద ఏళ్లుగా వేలాడుతోంది!”

“వాషరు తెచ్చావా?”

“నిన్న ‘ఎందుకంటే’ అని మొదలుపెట్టావు కూడా. గెలిచే ఆట. ఎందుకు ఓడిపోయావు?”

జీవితంలో మొదటిసారి ఆయన ‘ఎందుకంటే’ అనలేదు. సింకు కింద రెంచి రెండుసార్లు మోగింది.

“నీళ్లు చిమ్ముతున్నప్పుడు ముందు చెయ్యి అడ్డం పెట్టాలిరా. సామాను తర్వాత వెతుక్కోవచ్చు.”

“నువ్వు నన్నెప్పుడూ అడగలేదేం? కాలేజీ ఎందుకు మానేశానో?”

“అడిగితే చెప్తావా?”

“నాకే తెలీదు.”

“తెలిసినప్పుడు చెప్పు. ఎనిమిదో భాగానికే నాలుగేళ్లు ఆగినవాణ్ణి.”

వీపు మీద పాకుతూ బయటికొచ్చాడు. జుట్టంతా తడి. జేబులోంచి టెఫ్లాన్ టేపు డబ్బా తీసి, మూత తెరిచి, టికెట్టు నా చేతిలో పెట్టాడు. పందొమ్మిదేళ్లలో ఆ డబ్బాలోంచి టికెట్టు ఇంకొకరి చేతికి వెళ్లడం అదే మొదలు.

“నేను మాట తప్పను. శుక్రవారం నువ్వెళ్లు. మూడో వరస, చివరి సీటు. పక్కవాడితో మాట్లాడకు, కళ్లార్పకు. సాయంత్రం కొట్టుకొచ్చి మొదటి నుంచీ చివరిదాకా నాకు చెప్పాలి.”

“నిజం చెప్పనా బాబాయ్? ఇందులోనూ చిల్లులుంటాయి.”

“ఉంటే ఉండనీ. అక్కడ ఆగి నా మొహం చూడకు.” చేతులు తుడుచుకుంటూ నా వైపు వేలు చూపించాడు. “దారిలోనే పూడ్చుకుని రా. నా దగ్గరికొచ్చేసరికి కథలోంచి చుక్క కారకూడదు.”