గొలుసు తాత నిలబడిన చోటు

ఈ నెలాఖరుకు ఒక ఫైలు అప్పగించేయాలి. అందుకే ఇది ఇప్పుడే రాస్తున్నాను. నందిగాం వైపు ఒక సరిహద్దు రాయి కనబడక మా గొలుసు తాతకు ఫోను చేస్తే, పక్కింటావిడ ఎత్తింది. "తాత నేడమ్మా, పోనాడు. దినం కూడా అయిపోనాది."

ఆయన నాకు బంధువు కాదు. ఒకప్పుడు సర్వేయర్ల వెంట పొలాల్లో కొలత గొలుసు లాగేవారు. ఉద్దానం తీరంలో రోడ్డు కోసం మేము లేజర్ యంత్రంతో కొలుస్తున్నప్పుడు, ఇసుకలో పూడిన రాళ్లు చూపించడానికి వచ్చారు. వారానికి రెండు రోజులు పలాసలో డయాలసిస్, తక్కిన రోజులు మాతో.

"గొలుసు నేకుండా ఎలాగ కొలుత్తాదే గుంటా?"

యంత్రం తిరుగుతూ వెలుతురు విసురుతుంది, అది చెట్టుకో గోడకో తగిలి వెనక్కి వస్తుంది, పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది అని చెప్పాను.

"అయితే పోనూ రానూ కదేటి. సగమే లెక్కెట్టాల."

మా ఇంట్లో బడికెళ్ళిన మొదటిదాన్ని నేను. నా పనేమిటో అమ్మకు ఇప్పటికీ చెప్పలేకపోయాను. ఆయన మాత్రం రోజూ సాయంత్రం, "ఈయేల ఏటి కొలిసినావు?" అని అడిగేవారు. యంత్రం తెర మీద సముద్రం వైపు నల్లగా ఉంటే, నీటి మీద పడిన వెలుతురు చాలావరకు తిరిగి రాదన్నాను. "రాకపోతే అక్కడేటీ నేదనా?" అన్నారు.

ఒకరోజు జీడితోట చివర, రాయి ఉన్న చోట కర్ర పట్టుకుని నిలబడమన్నాను. యంత్రం తిప్పి తెరలో తలదూర్చాను. సరిగా రాలేదని మళ్ళీ తిప్పాను. తలెత్తేసరికి మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆయన ఇంకా అక్కడే.

"ఓలమ్మా, నీడలో కూకోవచ్చు కదా తాతా!"

"నువ్వు రమ్మననేదు కదే. గొలుసోడు పిలవకుండా కదిలితే కొలతంతా పాడు."

నవ్వేశాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఆ కొలతల్లో, వెలుతురు తగిలిన చోటల్లా తెర మీద పడే చుక్కల్లో, ఆయన ఉండిపోయారు. చుక్కలు చుక్కలుగా తలపాగా, వంగిన భుజం, కర్ర. మొహం తెలియదు. వెనుక కొబ్బరిమట్టల కంచె మీద మనిషంత ఖాళీ, ఆయనకు తగిలిన వెలుతురు అక్కడిదాకా పోలేదు కనుక. అడ్డొచ్చిన మనుషుల్ని చెరిపి ఫైలు ఇవ్వడం మా పద్ధతి. చెరపాల్సింది నేనే.

ఇంటివాళ్ళు అడిగితే ఆ ఆకారం విడిగా తీసి ఇవ్వచ్చని పైవాళ్ళు ఒప్పుకున్నారు. ఆయన కూతురు దినానికి వచ్చి వెళ్ళిపోయింది. పక్కింటావిడ ఇచ్చిన నంబరు పనిచేయడం లేదు. ఆమెను ఎరిగినవారు ఇది చదివితే ఆమెను అడిగి చెప్పండి, దాచనా, వద్దా? ఈ నెల ఇరవై అయిదులోగా ఈ పత్రికకు రెండు ముక్కలు రాస్తే చాలు.

రోజూ ఫైలు తెరుస్తున్నాను. తోట చివర కర్ర నిలువుగా పట్టుకుని నిలబడే ఉన్నారు. నేనింకా రమ్మనలేదు.