ముందే అచ్చయిన నా స్వస్థత

నా కాలు బాగైపోయిందన్న వార్త నాకు మొట్టమొదట తెచ్చింది మా వీధిలో పూలమ్మే అక్క. అప్పుడు నేను చంకకర్ర పక్కన పెట్టుకుని వాకిట్లో అనపకాయలు ఒలుస్తున్నాను.

"ఏమ్మా, నువ్వు నడుస్తాండావంట! నాకొక మాటన్నా చెప్పకపోతివే. మైదుకూరు రోడ్డులో ఇంత ఫ్లెక్సీ కట్టినారు, నీ ఫోటో ఏసి" అంటూ గంప దించింది. తర్వాత కర్రను చూసింది, నా కాలును చూసింది. "ఇంగా ఈడికి రాలేదేమోలే" అని నన్నే ఓదార్చి, మూర మల్లెలు ఊరికే ఇచ్చిపోయింది.

రెండేళ్ల వయసులో పోలియో వచ్చింది. బడి, నీళ్లు పారే వంకకు అవతల ఉండేది కాబట్టి మా అవ్వ ఇంట్లోనే బైబిలు ముందుపెట్టి అక్షరాలు నేర్పింది. ఆ చదువుతోనే ఇరవై ఏళ్లుగా మా చర్చిలో పిల్లలకు ఆదివారం బడి చెబుతున్నాను. దేవుని దయవల్ల లోటు లేదు. నా కాలి విషయంలో ఆయనకూ నాకూ ఎప్పుడో రాజీ కుదిరింది. కుదరనిది మా సంఘానికే. పెళ్లి విందులో కూర్చున్నా సరే, ఎవరో ఒకరు నా మోకాలి మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంటారు. వాళ్ల ప్రేమకు కృతజ్ఞురాలిని. అన్నం చల్లారిపోతుందనే నా బాధ.

సాయంత్రం ఫ్లెక్సీ సంగతి మా సంఘ పెద్దను అడిగాను.

"మూడు దినాల సభలమ్మా. మొదటి దినం నీకు స్వస్థత, మూడో దినం సాక్ష్యం. ఫ్లెక్సీ ముందుగా ఏయకుంటే ఎట్ల?"

"మొదటి దినం బాగు కాకుంటే, పెద్దయ్యా?"

"అట్లనొద్దు. విశ్వాసంతో ఏయించినాము."

"ఫోటోలో నా కర్ర యాడికి పోయె?"

"ఫ్లెక్సీ షాపు ఆయప్ప తీసేసినాడు. మేఘాలు గూడా ఆయప్పే పెట్టినాడు." అంతలో ఆయన గొంతు తగ్గించారు. "విశ్వాసం లేని మనిషి పిల్లోళ్లకు వాక్యం ఎట్ల చెప్తాదని జనం అడిగితే నేనేం చెప్పల్లమ్మా?"

కాలు బాగుకాకపోతే నా ఆదివారం బడి పోతుందన్నమాట.

మొదటి రోజు, కర్నూలు నుంచి వచ్చిన బోధకుడు నా మోకాలు పట్టుకుని చెమటలు కారేలా ప్రార్థించారు. "కర్ర వదిలెయ్!" అన్నారు. పెద్దల మాట కాదనే అలవాటు లేదు, వదిలేశాను. వెళ్లి కీబోర్డు వాయించే ఆయన మీద పడ్డాను. ఆ సభల్లో నడక మారింది ఆయన ఒక్కరిదే. మిగిలిన రెండు రోజులూ నడుము పట్టుకుని తిరిగారు.

అయినా కార్యక్రమం కార్యక్రమమే. మూడో రోజు సాక్ష్యానికి పిలిచారు. కర్రతోనే ఎక్కాను.

"నన్ను ఇన్నేండ్లు మోసిన ఈ కర్ర కోసం దేవునికి స్తోత్రం. ఫ్లెక్సీలో ఉండే సోదరి ఎవరో నాకు తెలీదు, ఆమెను గూడా ప్రభువు దీవించాల. నేను మాత్రం ఇట్లనే ఉండాను, ఇట్లనే బాగుండాను. నా కోసం ప్రార్థన చేయాలంటే, చర్చి మెట్ల పక్కన కర్రోళ్లు ఎక్కేదానికి ఒక వాలు కట్టించమని చేయండి."

స్త్రీల వైపు నుంచి ఒకే ఒక్క "ఆమెన్" వినిపించింది.

కోసిగి నుంచి మిరపకోతకు వలస వచ్చిన ఒక తల్లిది ఆ గొంతు. సభ ముగియగానే, సన్నటి కాళ్లున్న ఏడేళ్ల బిడ్డను చంకనేసుకుని వచ్చింది. "అక్కా, నా విశ్వాసం చాల్లేదంట, అందుకే బిడ్డ లేయలేదంట. ఆ కర్ర సిన్నది దొరుకుతాదా?"

మా వీధి వడ్రంగితో రెండు చిన్న కర్రలు చేయించాం. ఆదివారం నేను ఎప్పటిలాగే బడికి వెళ్లాను. పెద్దయ్య వాకిట్లోనే నిలబడి ఏదో అనబోయారు. నా వెనకే ఆ పాప కొత్త కర్రలతో మెట్టు మీద మెట్టు ఎక్కుతుంటే చూసి, వెళ్లి పాపకు చాప తెచ్చి వేశారు. విశ్వాసం మాట మళ్లీ ఎత్తలేదు.

కోతలు అయిపోయి ఆ తల్లీబిడ్డలు ఊరెళ్లిపోయారు. ప్రార్థన చేసే అలవాటున్నవారు ఆ పాపను తలుచుకోండి. కాళ్ల కోసం వద్దు, ఆ పని చాలామంది చేసేశారు. వాళ్ల ఊరి బడిలో ఆమెను చేర్చుకోవాలని అడగండి చాలు.