చుక్క పెట్టిన చేను

2023 వేసవి. పరీక్షలు అయిపోయాక వనపర్తిలో నేను పనిచేసే డిగ్రీ కాలేజీ లైబ్రరీలో ఫ్యాన్లు తప్ప ఎవరూ మాట్లాడరు. అలాంటి మధ్యాహ్నం గద్వాల నుంచి ఒక్కరే బస్సెక్కి శకుంతల మేడం వచ్చారు. డెబ్బై దాటిన మనిషి, స్టాటిస్టిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యారు. అంతకుముందు హైదరాబాద్‌లో ఓ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో, కంప్యూటర్ విభాగంలో ఉండేవారట. పంట దిగుబడుల లెక్కలు తేల్చే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆ కేంద్రం తయారు చేసింది. అది వాడటం నేర్పే మాన్యువల్‌ను జిల్లా కాలేజీలకు పంపింది. మేడం అడిగింది ఆ మాన్యువల్‌నే.

నా సర్వీసులో దాన్ని అడిగిన మొదటి మనిషి ఆమె. దుమ్ము దులిపి ఇచ్చాను. తిరగేస్తూ నాలుగో చాప్టర్ దగ్గర ఆగిపోయారు.

"ఇది కాదు బిడ్డా. ఈడ గట్టు ఊరి చేన్లుండాలె, పల్లికాయ దిగుబడి. నేను చేన్ల పొంటి తిరిగి రాసుకొస్తే నాతోని పనిజేసే సుగుణ కంప్యూటర్ల ఎక్కించింది. గిదేంది, వరి వెట్టిండ్రు?"

"మేడం, అచ్చేసింది అచ్చేసినట్టే ఉంటది. మీరు వేరే పుస్తకం అనుకుంటున్నరేమో."

"అందరు గదే అంటుండ్రు. యాది తప్పుతున్నదని మా తమ్ముడంటడు, డాక్టరంటడు. తప్పుతున్నది, ఒప్పుకుంట. పొయ్యి మీద పాలు మర్చిపోత. కని సుగుణను మర్చిపోతనా? ఆమె పోయి చాన ఏండ్లాయె. ఇద్దరం కూసోని రాసిన పేజీలు నిజంగ ఉండెనా, నేనే అల్లుకున్ననా? గదొక్కటి తెల్వాలె నాకు."

వాదన నాకిష్టం, ఓడిపోవడం కాదు. ఆ రోజు మాత్రం ఓడిపోతే బాగుండుననిపించింది.

మా వృత్తిలో ఎడిషన్ వేరు, రీప్రింట్ వేరు. విషయం మారితే ఎడిషన్, ఉన్నదే మళ్లీ అచ్చేస్తే రీప్రింట్. టైటిల్ పేజీ వెనక మొదటి ఎడిషన్ అనే ఉంది. లెక్కప్రకారం నేనే గెలిచాను. కానీ అది కుట్టిన పుస్తకం కాదు, లూజ్-లీఫ్. అంటే రింగుల అట్టలో విడి కాగితాలు. సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా మారిన పేజీలు మాత్రమే ప్యాకెట్‌లో పంపేవారు, పాతవి తీసి పారేసి ఇవి పెట్టండని. అద్దాలు సర్దుకుని పేజీల అడుగులు చూశాను. మూడో చాప్టర్ కింద ఏమీ లేదు. నాలుగో చాప్టర్‌లో ప్రతి పేజీ కింద చీమతలంత అక్షరాల్లో "రివిజన్ 2".

"మేడం, ఇవి తర్వాతొచ్చిన పేజీలు!"

"మరి మావేడబాయె?"

"మా ముందటి లైబ్రేరియన్ మస్తు పద్ధతిగల మనిషి. చెప్పినట్టే పారేసిండు."

గద్వాల కాలేజీ లైబ్రరీకి ఫోన్ చేశాను. అక్కడా పద్ధతిగల మనుషులే. అప్పుడర్థమైంది, నాకిప్పుడు పద్ధతి లేని లైబ్రరీ కావాలి. నాగర్‌కర్నూలు లైబ్రేరియన్ నర్సింహ గుర్తొచ్చాడు. ప్రతి మీటింగులో నా చేత తిట్లు తినే మనిషి.

"నర్సింహా, గా పంట లెక్కల మాన్యువల్‌ల రివిజన్లు ఎక్కించినవా?"

"అక్కా, తిట్టుడు షురూ జెయ్యకు. నేనొచ్చేసరికే ప్యాకెట్లు గట్లనే ఉండె. ఈ వారం ఎక్కిస్త, సరేనా?"

"ముట్టుకున్నవంటే చేతులిరగ్గొడ్త!"

"ఏమైందక్కా, పానం బాగనే ఉన్నదా?"

మర్నాడు మేడంతో కలిసి వెళ్లాను. విప్పని ప్యాకెట్లను పక్కకు జరిపి నర్సింహ మాన్యువల్ బల్ల మీద పెట్టాడు. నేను తెరవబోతే మేడం చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగు. ముందు నేను చెప్త. చేన్లకు ఆడోళ్ల పేర్లు వెట్టినం. ఎనిమిది అక్షరాలు దాటొద్దని కంప్యూటర్ కిరికిరి. ఇంగ్లీషుల మల్లమ్మ సరిగ్గ సరిపాయె, గది పైన ఉంటది. ఆఖరి చేనుకు దిగుబడి ఉండదు, చుక్క ఉంటది. కోతకు ముందే మేకలు వడ్డయి."

తెరిచాను. గట్టు, వేరుశనగ. పైన మల్లమ్మ. ఆఖరి వరుసలో, అంకె ఉండాల్సిన చోట, చుక్క.

రాసినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. మేడం వాటి కోసం వెతకలేదు కూడా. చుక్క మీద వేలు పెట్టారు.

"సున్న వెడ్దామంటి నేను. సుగుణ ఎంత కొట్లాడిందో! సున్న వెడ్తే చేను పండలేదన్నట్టు. పండింది శకుంతలా, మనకు అందలే గంతే, అన్నది."

నర్సింహ మెల్లగా అడిగాడు. "ప్యాకెట్లు ఏం జెయ్యాలక్కా?"

"గట్లనే ఉంచు. ఇంతకన్న గొప్ప పని నువ్వు మళ్ల చెయ్యలేవు."

మిస్సింగ్ వాల్యూ అంటారట దాన్ని. లేనిదానికి సున్నా, ఉండి అందనిదానికి చుక్క. మా లైబ్రరీ బల్ల దగ్గర అన్నిటికన్నా తేలిగ్గా నోటికొచ్చే మాట "లేదు". వనపర్తికొచ్చి కేటలాగులో ఆ మాన్యువల్ ఎదుట "పాత పేజీలు లేవు" అని రాయబోయి ఆగాను. "ఉండేవి. నాగర్‌కర్నూలులో చూడవచ్చు" అని రాశాను.

మేడం ఇప్పటికీ ఫోన్ చేస్తారు. ఈ మధ్య ఒక్కోసారి నన్ను సుగుణా అని పిలుస్తున్నారు. నేను వాదించను.