పావగడలో పదిహేడో గుర్తు

మొన్న శనివారం ఉదయం బెంగళూరులో నేనెక్కిన బస్సులో, నా ముందు సీటు కడ్డీ ఒకచోట విరిగితే మళ్లీ అతికించి ఉంది. అతుకు ముద్దలు ముద్దలుగా ఉంది. ఎవరో తొందరలో వేసినట్టున్నారు. దాని మీద రంగు లేదు. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ పట్టుకుని పట్టుకుని ఆ ముద్దలు నున్నబడి మెరుస్తున్నాయి. ఒడిలో పుస్తకం తెరిచే ఉంది కానీ, నాలుగు గంటల దారిలో నేను ఎక్కువసేపు చూసింది ఆ అతుకునే.

అతుకులు చూసే అలవాటు ఉద్యోగంలో వచ్చింది. ఒక తీరపట్టణంలో, నౌకలు కట్టే యార్డులో నేను మూడేళ్లు దుబాసీగా పనిచేశాను. అణుశక్తితో నడిచే జలాంతర్గామి కట్టడంలో మనవాళ్లకు సాయంగా మరో దేశం నుంచి నిపుణులు వచ్చేవారు. ఏ యార్డో, ఏ దేశమో రాయను. రాయకూడదు. వాళ్ల భాష నేను డిగ్రీలో చదివాను. నాకు చదవడం వచ్చినంత సులువుగా మాట్లాడటం రాదు, కానీ ఉద్యోగం మాట్లాడే ఉద్యోగం. అక్కడ ఆంజినప్ప అనే వెల్డరు ఉండేవారు. పావగడ తాలూకా మనిషి. ఒక అతుకులో లోపం ఉందని ఆయన్ని ఇంటికి పంపేశారు. ఆ లోపం ఆయనది కాదు. ఆ మాట ఆయనతో చెప్పడానికే ఈ ప్రయాణం. సోలార్ పార్కు చూడటం దాంతోపాటు కలిసివచ్చింది.

వెళ్లాలనుకునేవాళ్ల కోసం దారి చెబుతాను. బెంగళూరులో ఆరుంబావుకి బస్సు. తుమకూరు, మధుగిరి మీదుగా వెళుతుంది. కర్ణాటక బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదని నేనూ సంబరంగా ఎక్కాను. కండక్టరు నా ఆధార్ కార్డు తిప్పి చూసి, చిరునామా ఆంధ్రది కాబట్టి డబ్బు కట్టాల్సిందేనని నవ్వుతూ చెప్పాడు. రెండు వందలకు కాస్త తక్కువైంది. మధుగిరిలో ఇరవై నిమిషాలు ఆపారు. పళ్లెమంత వెడల్పున్న తట్టె ఇడ్లీ ఒకటి తిన్నాను. రెండోది అడగడానికి మొహమాటపడ్డాను. మధుగిరి దాటాక బోర్డులు కన్నడంలోనే ఉన్నాయి గానీ బస్సులో మాటలు మెల్లగా తెలుగులోకి మారాయి. పదిన్నరకు కొండ కింద పావగడ బస్టాండులో దిగాను.

అక్కడి నుంచి తిరుమణి వైపు బస్సులున్నాయి, కానీ గంటకొకటి కూడా ఉండదు. ఆటో మాట్లాడుకున్నాను. పోనూ రానూ, మధ్యలో ఆగడం కలిపి ఏడు వందలు. డ్రైవరు పేరు నాగరాజు, ఊరు వెంకటమ్మనహళ్లి.

"సోలార్ చూసేకి వచ్చినారా మేడమ్?"

"అవును. ముందు ఒకరిని కలవాలి. ఆంజినప్పగారని, వెల్డింగు చేసేవారు."

"ఓ, సబ్‌మెరైన్ ఆంజినప్ప! అట్ల చెప్పల్ల కదా. మా పక్క ఆంజినప్పలు వీధికి నలుగురుంటారు. గుర్తుకని ఆ పేరు పెట్టినాం." నాగరాజు అద్దంలో నన్ను చూసి నవ్వాడు. "తాగేకి నీళ్లు లేని తాలూకాలో పుట్టి, నీళ్ల కింద పోయే పడవ చేసొచ్చినాడు. మా చెరువు నిండితే నీ పడవ తెచ్చి ఒదలప్పా అని ఎగతాళి చేస్తాం. సర్కారు రహస్యం అంటాడు, లేచి పోతాడు."

ఊళ్లు దాటాక, ఒక మలుపు తిరగ్గానే నేల కనబడటం మానేసింది. రోడ్డుకు రెండు వైపులా నల్లని నీలం పలకలే. అన్నీ ఒకే దిక్కుకు ముఖం పెట్టి, గుట్టల అంచు దాకా ఉన్నాయి. కంచె బయట మిగిలిన సన్నని గడ్డిపట్టీలో గొర్రెలు ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నాయి. పక్కకు తిరగడానికి వాటికి చోటు లేదు.

"ముందు ఈడంతా శెనక్కాయే మేడమ్. వాన రాలేదని మేము ఏడుస్తా ఉంటిమి. ఇప్పుడు భూమి గుత్తకిచ్చినాం. మబ్బు పట్టిందని కంపెనీవోళ్లు ఏడుస్తారు."

గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు, ఫోన్ కూడా సంచిలో పెట్టుకోమన్నాడు. పలకలు కడిగే పని తెల్లవారుజామునే మొదలై తొమ్మిదికల్లా అయిపోతుందట. ఎండెక్కాక వేడి అద్దం మీద నీళ్లు పోస్తే పగులుతుంది. నాగరాజు అడిగితే, ఆంజినప్ప పని ముగించి ఇంటికి వెళ్లిపోయారని చెప్పాడు. ఆయన అక్కడ పలకలు కడుగుతున్నారని నాకు అప్పుడే తెలిసింది.

ఇల్లు పార్కు కంచెకు కనబడేంత దూరంలోనే ఉంది. వాకిట్లో ఆయన భార్య రత్నమ్మ చింతపండు గింజలు తీస్తోంది. నా గొంతు విని ఆంజినప్ప బయటికి వచ్చారు. బాగా చిక్కిపోయారు. యార్డులో నా కళ్లద్దాలు, చేతిలో పుస్తకం చూసి నన్ను టీచరమ్మ అని పిలిచేవారు.

"ఏంది టీచరమ్మా, నువ్వా! యాడినుంచి యాడికి వచ్చినావు తల్లీ!" భార్య వైపు తిరిగారు. "నేను చెప్తి కదా, పరాయిదేశమోళ్ల మాట మాకు తెలుగులో చెప్తుండేదని. ఈ పాపే."

"ఇంత సన్నగుండాదే! మొగోళ్ల నడుమ ఎట్ల అరుస్తుంటివమ్మా?" అంది రత్నమ్మ.

"యాడ అరుస్తాది! ఆ ముసలాయన అరిచేవాడు, ఈమె చెవిలో చెప్పేది. తిట్టు కూడా మంత్రం మాదిరి చెప్పేది."

ముగ్గురం నవ్వాం. ముద్ద తినకుండా కదలడానికి లేదన్నారు. రాగి ముద్ద, అలసందల పులుసు. నాగరాజుకీ పెట్టారు. అతను తినేసి ఆటోలో పడుకోవడానికి వెళ్లాడు. ఆ తర్వాత నేను చెప్పాలనుకున్నది చెప్పాను.

ఇక్కడ ఆ పని గురించి కొంచెం రాయాలి. అసలు పడవ మీద చెయ్యి పెట్టే ముందు వెల్డర్లందరూ ఒక నమూనా వలయం మీద పరీక్షకు నిలబడాలి. మనిషి ఎత్తుకు మూడింతలుండే ఉక్కు వలయం. ఒక్కరే అతికితే వేడికి వలయం ఒక పక్కకు లాగేస్తుంది. అందుకని ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకే సమయంలో మొదలుపెట్టి, ఒకే వేగంతో చెరో సగం వేస్తారు. చుట్టూ ఇరవై నాలుగు గుర్తులుంటాయి. ఎక్స్‌రే ఫిల్ములో లోపం ఏ గుర్తు దగ్గర కనబడితే ఆ సగం వేసినవాడిది తప్పు. ఆ రోజు పదిహేడో గుర్తు దగ్గర చిన్న బుడగ కనబడింది. మన కాగితం ప్రకారం పదిహేడు ఆంజినప్ప సగంలో ఉంది. పడవ మీద పనిచేసేవాళ్ల జాబితాలోంచి ఆయన పేరు తీసేశారు.

మనవాళ్లు గుర్తులను పడవ ముక్కు వైపు నిలబడి లెక్కపెడతారు. వచ్చిన నిపుణులు తోక వైపు నిలబడి లెక్కపెడతారు. వాళ్ల దేశంలో అదే పద్ధతి. గోడగడియారాన్ని వెనక నుంచి చూస్తే మూడు ఉన్న పక్కకు తొమ్మిది వస్తుంది కదా, అలాగ. ఫిల్ములకు గుర్తులు వేసింది వాళ్లు, కాగితం మీద పేర్లు రాసింది మనవాళ్లు. రెండు దేశాల మధ్య ఎన్నో ఒప్పందాల మీద సంతకాలయ్యాయి. వలయానికి ఏ వైపు నిలబడాలో మాత్రం ఎవరూ ఎవరినీ అడగలేదు. తర్వాతి నమూనా వచ్చినప్పుడు వాళ్లలోని ముసలి నిపుణుడు సుద్దముక్క, మన పేర్ల కాగితం పట్టుకుని తానే వలయం చుట్టూ నడిచాడు. సగం నడిచి ఆగిపోయాడు. అక్కడే ఒక పెట్టె మీద కూర్చుని నన్ను పిలిచి, ఆ మనిషిని తప్పు లేకుండానే పంపేశాం అన్నాడు. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే. అక్కడ ఆయన భాష వచ్చినవాళ్లు ఇంకెవరూ లేరు.

"ఆంజినప్పగారూ, పదిహేడో గుర్తు మీది కాదు. లెక్క తిరగబడింది. మీ సగంలో ఒక్క లోపం లేదు" అన్నాను.

ఆయన ముఖంలో సంతోషం కోసం చూశాను. ఆయన నన్ను చూడటం లేదు. భార్యను చూస్తున్నారు.

రత్నమ్మ చేతిలో చింతపండు అలాగే ఉంది. "లోపమా? ఏం లోపం? పని అయిపోయిందనే కదా నువ్వు వచ్చింది?"

"అయిపోయిందనే చెప్పినా. నాకు అయిపోయింది కదా."

"ఏడాదిన్నర. నా పక్కన కూర్చోని ముద్ద తింటాండావు. ఒక్క మాట చెప్పలే."

"ఏమని చెప్పేది? చెయ్యి చెడిపోయింది, తరిమినారు అని చెప్పేదా? మీ నాయన ముందర, మీ తమ్ముని ముందర?"

మంచి మాట తెచ్చాననుకున్నాను. ఆయన ఏడాదిన్నరగా దాచుకున్నదాన్ని వాకిట్లో పరిచి పెట్టాను. వెనక్కి తీసుకునే మాట కాదు.

ఆయన నా వైపు తిరిగి మెల్లగా అడిగారు. "మళ్లా రమ్మంటారా తల్లీ?"

వెంటనే తానే చెయ్యి ఊపారు. "లే, అడగరాదు. ఆరు నెలలు అతుకు ఎయ్యకుంటే కాగితం చచ్చిపోతాది. తెలుసులే నాకు."

అది వాళ్ల వృత్తి నియమం. అంత గట్టి పని చేసే వెల్డరు ఆరు నెలలకొకసారైనా అలాంటి అతుకు వేసినట్టు కాగితం మీద ఉండాలి. లేకపోతే అర్హత పోతుంది. పావగడ షాపులో గేట్లు, కిటికీ చువ్వలు అతికితే అది లెక్కలోకి రాదు. మళ్లీ పరీక్షకు యార్డే పిలవాలి.

"పైవాళ్లకు చెప్పాను. కాగితం సరిచేశారు. కానీ గడువు దాటింది, జాబితా నిండిపోయింది అన్నారు" అన్నాను.

"కాగితం మింద నా పేరు బాగుండాది కదా?"

"బాగుంది."

"సాలు." కాసేపు తన అరచేతుల్ని చూసుకున్నారు. నీళ్లలో నాని వేళ్ల కొనలు తెల్లబడ్డాయి. "అయితే అది ఎదురు పక్కోనిది. వానికి చెప్పినారా?"

"ఇంకా లేదు. ఇప్పుడు పడవలోనే పనిచేస్తున్నాడు. తర్వాత వేసినవన్నీ బాగున్నాయి."

"చెప్పొద్దు. లోపల సందుల్లో దూరి ఏస్తుంటాడు. చెప్తే చెయ్యి వణుకుతాది. వణికిన చేత్తో వాడు అతికిన పడవలో మనోళ్లే కదా మునిగేది."

రత్నమ్మ లేచి లోపలికి వెళ్లింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. పాత చీరముక్కలో శేరు చింతపండు మూట కట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. వద్దన్నా వినలేదు. ఆటో దాకా వచ్చింది. "ఈయప్ప ఇంగ పండుకుంటే నిద్ర పడతాదేమో. ఇంత దూరం వచ్చి చెప్పినావు తల్లీ. ఇంకొకరైతే వస్తురా? నీ పుణ్యం" అంది. నేను తలదించుకుని ఆటో ఎక్కాను.

తిరుగు దారిలో ఎండ పలకల మీద తెల్లగా కాగుతోంది. దేశాలు కలిసి జలాంతర్గాములు కట్టడం గురించి పేపర్లలో చదువుతుంటాం. ఎవరు ఎవరికి ఏ విద్య ఇస్తున్నారు, ఏ సముద్రం ఎవరిది అవుతుంది, అవన్నీ పెద్ద మాటలు. నేను చూసింది ఒక ఉక్కు వలయం, దానికి రెండు వైపులా నిలబడిన మనుషులు. ఎవరి వైపు నుంచి వాళ్ల లెక్క సరిగ్గానే ఉంది. మధ్యలో నిలబడటమే నా పని. మధ్యలో ఉన్నవాళ్లు మాట్లాడకపోతే రెండు సరైన లెక్కలు కలిసి కూడా ఒక మనిషిని తుడిచేస్తాయని అక్కడ నేర్చుకున్నాను. పుస్తకాల్లో దొరికే పాఠం కాదు. ఇంకెక్కడైనా నేర్చుకుని ఉంటే బాగుండేది.

వెళ్లేవాళ్లకు ఒక సలహా. పార్కు ఊళ్లలో మధ్యాహ్నం దాటాక తిరుగు బస్సును నమ్ముకోవద్దు. ఆటోను పంపేయకుండా ఆపుకోండి. పావగడ నుంచి బెంగళూరుకు సాయంత్రం నాలుగింటిలోపు బస్సెక్కితే చీకటి పడ్డ కాసేపటికి చేరతారు. నాకు మూడున్నర బస్సు దొరికింది.

ముసలి నిపుణుడు పెట్టె మీద కూర్చుని ఆ మాట చెప్పిన రోజుకు, ఆంజినప్ప ఊరికి వెళ్లి మూడు నెలలే అయింది. నేను యార్డు అధికారి గది తలుపు తట్టింది ఆయన వెళ్లిన తొమ్మిదో నెలలో, ఆరు నెలల గడువు దాటిపోయాక.