స్కిమ్మర్ కనిపించిన ఉదయం

భర్త పోయిన ఏడాది స్నేహలత ఇల్లు కదలకుండా కూర్చుంటే, బలవంతాన కొల్లేరుకు లాక్కెళ్లింది మంగాదేవి గారే. ఏలూరులో ఇద్దరిదీ ఒకే హైస్కూలు. మంగాదేవి గారు తెలుగు టీచరు, స్నేహలత బయాలజీ. అప్పటినుంచి ప్రతి చలికాలం ఇద్దరూ మెళ్లో బైనాక్యులర్లు వేసుకుని చేపల చెరువుల గట్లమీద తిరిగేవారు. రిటైరై తాడేపల్లిగూడెం వెళ్లిపోయాక కూడా మంగాదేవి గారు తొలి బస్సుకే దిగిపోయేవారు.

ఆవిడకు ఒకటే కోరిక. స్కిమ్మర్ అనే పక్షిని ఒక్కసారి చూడాలి. దాని నారింజరంగు ముక్కులో పైభాగం పొట్టి, కిందిది పొడుగు. ఆ కింది ముక్కుతో నీళ్లను కోసుకుంటూ ఎగురుతుంది. కొల్లేరులో కనబడడం చాలా అరుదు.

కిందటేడు జనవరిలో, పాత విద్యార్థిని హరిణి కారులో వెళ్లారు ముగ్గురూ. ఆటపాక పక్షుల కేంద్రం దాటాక మంగాదేవి గారికి మోకాలు పట్టేసింది.

"నువ్వలా ముందుకెళ్లి చూసిరా స్నేహా. మేమిక్కడ టీ తాగుతూ కూర్చుంటాం. ఏదైనా కనబడితే కేకెయ్యి, కుంటుకుంటూ అయినా వచ్చేస్తాను."

గట్టు మలుపు తిరగగానే స్నేహలత కాళ్లు ఆగిపోయాయి. నారింజ ముక్కు నీటిమీద సన్నటి గీత గీసుకుంటూ వస్తోంది.

కేకేస్తే బెదిరిపోతుందేమో అనుకుంది. ఫోన్ సంచిలోనే ఉంది. మెళ్లో ఉన్న కెమెరాతో ఒక్క మంచి ఫోటో తీసుకుని, అప్పుడు ఫోన్ చేద్దాంలే అనుకుంది. ఫోటో వచ్చింది. ముక్కు నీటిని తాకేటప్పటిది ఇంకొక్కటి. అదీ వచ్చింది. పక్షి అవతలి గట్టున వాలింది, రెక్కలు సర్దుకుంది, మళ్లీ లేచింది. తీరా ఫోన్ బయటికి తీసేసరికి తూము దాటి వెళ్లిపోయింది. స్నేహలత గబగబా వాళ్లిద్దరి దగ్గరికి తిరిగొచ్చింది.

"అక్కా, స్కిమ్మరు కనిపించిందండీ!"

మంగాదేవి గారు టీ గ్లాసు పక్కన పెట్టి లేవబోయారు. "ఏదీ? ఎక్కడా?"

"వెళ్లిపోయిందక్కా. ఇలా వచ్చి అలా పోయింది. పిలిచే టైమే లేకపోయింది."

"పోనీలే, నువ్వైనా చూశావు. ఫోటో తీశావా?"

స్నేహలత ఆలోచించకుండా కెమెరా అందించింది. ఆవిడ ఒక్కో ఫోటో వెనక్కి జరుపుతూ వెళ్లారు. ఎగురుతున్న పక్షి. గట్టుమీద కూర్చున్న పక్షి. రెక్క సర్దుకుంటున్న పక్షి. మళ్లీ ఎగురుతున్న పక్షి. తొంగి చూస్తున్న హరిణి తల తిప్పుకుంది.

"చాలాసేపే ఉన్నట్టుందండీ," అని కెమెరా తిరిగి ఇచ్చేశారు.

ఇన్నేళ్లలో ఆవిడ స్నేహలతను ఏనాడూ అండీ అనలేదు.

పక్షులు చూసేవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడితే ఆ ఫోటోలకు బోలెడు మెప్పు వచ్చింది. వచ్చిన ప్రతి అభినందనా స్నేహలతకు ముల్లులా గుచ్చుకుంది. ఆ శనివారమే తాడేపల్లిగూడెం వెళ్లింది.

"అబద్ధం చెప్పానక్కా. పిలవొచ్చు. పిలవలేదు."

"తెలుసండీ," అన్నారు మంగాదేవి గారు మెత్తగానే. "కాఫీ చల్లారిపోతోంది, తాగండి."

తిట్టి ఉంటే బాగుండేది. స్నేహలత కాఫీ తాగి వచ్చేసింది.

ఈ చలికాలం ఆవిడ రాలేదు. మోకాలని చెప్పారు. అది నిజమే, డాక్టర్లు ఆపరేషన్ చేయించుకోమన్నారట. స్నేహలత, హరిణి ఇద్దరే వెళుతున్నారు. గూడబాతులు వచ్చాయి, బాతులు వచ్చాయి. ఎన్ని కనబడినా, స్నేహలత కెమెరాను మాత్రం సంచిలోంచి బయటికి తీయడం లేదు.