ఒక్క పూత యతిరాజులుగారు

మా ఎదురింటి యతిరాజులుగారికి రెండో పూత అనే మాట వింటే ఒళ్ళు మండేది. బ్రష్షు ఒక్కసారి ఆడిస్తే గోడ మూసుకుపోవాలి. అట్లా మూయలేనిది ఆయన దృష్టిలో రంగే కాదు. అందుకే 1956లో మద్రాసు కోడంబాక్కంలోని మా వీధిలో ఇళ్ళన్నీ తెల్లగా ఉంటే, ఆయన ఇల్లొక్కటీ పాత పెనంలా ఉండేది.

హార్బరు ఆఫీసులో గుమాస్తా. శనివారం మధ్యాహ్నం ఆఫీసు వదలగానే పారిస్ కార్నర్ దగ్గర రంగుల కొట్లకు బయలుదేరేవారు. సంచిలో మూరెడు చెక్క, సగం నలుపు, సగం తెలుపు. కొట్టువాడిచేత డబ్బా మూత తీయించి, చెక్కమీద ఒక్క పూత వేయించి, ఆరేదాకా వాడి స్టూలు మీదే కూర్చునేవారు. ఆరాక ఎండలో పెట్టి చూసి, "నలుపు కనిపిస్తా ఉండాది. ఇది రంగు కాదప్పా, మజ్జిగ" అని లేచేవారు.

ఆనందన్ అనే కొట్టువాడు ఆయన్ని దూరంనుంచి చూస్తే చాలు, తలుపు సగం మూసి, భోజనం చేస్తున్నట్టు నటించేవాడు. యతిరాజులుగారు ఆ సగం తలుపు ముందు ఓపిగ్గా నిలబడేవారు. లేని భోజనం ఎంతసేపు తింటాడు? చివరికి ఆనందనే బయటికి వచ్చేవాడు.

తిరుగు రైల్లో ఆ చెక్కమీది ఆరీ ఆరని రంగు పక్కవాళ్ళ పంచెలకు అంటుకునేది. నాలుగు నెలలయ్యేసరికి ఆయన ఎక్కితే బెంచీ మొత్తం ఖాళీ అయ్యేది. ప్రతివారం చెక్కకు మళ్ళీ నలుపూ తెలుపూ వేసుకునేవారు కాబట్టి అది తలుపు మందాన తేలింది. రెండో పూత గిట్టని మనిషి చేతిలో దానికి నలభై పూతలు పడ్డాయి.

ఒళ్ళు వంగని మనిషని వీధి తీర్మానించింది. గోడలు తెల్లబడేదాకా నెల్లూరులో పుట్టింట ఉంటానని భార్య వరదలక్ష్మిగారు పెట్టె సర్దారు. ఆయన ఇంకొక్క శనివారం గడువు అడిగారు.

ఆ శనివారమే దొరికింది. ఆనందన్ కొత్తగా తెప్పించిన చిక్కటి డిస్టెంపరు ఒక్క పూతతో నలుపును మింగేసింది. పీడ వదిలిందన్న సంతోషంలో డబ్బాలు స్టేషనుదాకా అతనే మోశాడట.

ఆదివారం ఉదయం చూద్దును కదా, ఆయన ఇంట్లో నిచ్చెన మీద కాటయ్య. మా వీధికి ఇరవై ఏళ్ళు సున్నం కొట్టిన మనిషి. ఏడాది కిందట నిచ్చెన మీంచి పడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ తరవాత అతన్ని పనికి ఎవరూ పిలవలేదు. నేనూ పిలవలేదు. కింద యతిరాజులుగారు నిచ్చెనను రెండు చేతులా పట్టుకుని ఉన్నారు, బట్టతల నిండా రంగు చుక్కలు.

కాటయ్య నీళ్ళకు వెళ్ళినప్పుడు, ఈ మాత్రానికి ఇన్నాళ్ళు తిరగాలా అని అడిగాను. ఆయన గొంతు తగ్గించారు.

"ఆ కాలితో ఒకసారి ఎక్కగలడప్పా. రెండో పూతకు మళ్ళా ఎక్కమంటే ఎట్ట? వేరేవాణ్ణి పెట్టినామంటే కాటయ్య ఈ వీధి మొహం చూడడు."

అంతకుముందు ఒకసారి ఆయన బియ్యం ఇచ్చి పంపితే, పని చేయకుండా తిననని కాటయ్య మూటను అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడట.

సాయంత్రానికి పని అయింది. కాటయ్య వెనక్కి జరిగి, కళ్ళు చిట్లించి వంటింటి గోడ చూశాడు.

"సామీ, ఈడ ఇంకో పూత పడాల."

నిజమే, పొగమచ్చ లీలగా తొంగి చూస్తోంది. యతిరాజులుగారు గోడకు ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళి చూసి, తనకేమీ కనిపించడం లేదన్నారు. వరదలక్ష్మిగారు కూడా చూసి, తనకూ కనిపించడం లేదన్నారు. ఇద్దరూ నావైపు తిరిగారు. నాకూ కనిపించలేదు.

పై ఆదివారం యతిరాజులుగారూ కాటయ్యా మా వాకిట్లో ఉన్నారు. మా గోడలు బాగానే ఉన్నాయని చెప్పబోయాను. యతిరాజులుగారు వినిపించుకోకుండా నిచ్చెన మా గోడకు ఆనించారు.

"నా నడుం పడిపోయినాది. ఈసారి నువ్వు పట్టుకో."

పట్టుకున్నాను.